ప్రీమియం ఎకానమీలో పేల మందు

బన్ను రెండుగా చీల్చి, ఒక ముక్క మీద వెన్న రాస్తూ నా స్నేహితురాలు అంది: "మీ పిల్లల పేల సంగతి నేను చూసేశాలే. మీ అత్తగారికి మందు ఇచ్చొచ్చా."

విమానం బొంబాయి వదిలి చాలాసేపైంది. కిటికీలోంచి చూస్తే కింద ఉన్నది సముద్రమో ఇసుకో తెలియడం లేదు. నేను పింగాణీ గిన్నెలోంచి బొప్పాయి ముక్క తీసుకోబోతూ, "ఏ మందు?" అన్నాను. చెంచా చేతిలోనే ఉంది. అంటే అప్పటికి నాకింకా భయం పుట్టలేదు.

"కొట్లోదే. పత్తి మందు. కాస్తంతే, కొబ్బరినూనెలో కలిపి రాయమన్నా."

భయం పుట్టింది ఆ "కొట్లోదే" అన్న మాట దగ్గర. బొప్పాయి ముక్క ఒళ్ళో పడింది. ఆమె దాన్ని చూసి, "చీర పాడవుతుంది, తుడుచుకో" అని వేడి తువ్వాలు అందించింది. విమానంలో మేం కూర్చున్న గదిలోవాళ్ళకి వేడి తువ్వాళ్ళు ఇస్తారు. ఆమె అప్పటికే మూడు తీసుకుంది.

ఆమెదీ మాదీ ఒకే వ్యాపారం. గుంటూరులో పురుగుమందుల కొట్లు, ఒకే వీధిలో. అంతకుముందు డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇద్దరం రసాయనశాస్త్రం చదివాం. ఆమెకి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. పొలాల్లో మందు వల్ల ఏ అనర్థం జరిగినా అది చదువురాని వాళ్ళ పని అని మా వీధిలో మగవాళ్ళు మీటింగులు పెట్టి మరీ చెబుతుంటారు కనుక ఈ మార్కుల మాట రాస్తున్నాను.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు విపరీతంగా పట్టింది. పొదిలి వైపు మెట్టపొలాల దగ్గర్నుంచి ఇటు మా చుట్టుపక్కల నల్లరేగళ్ళ దాకా రైతులు కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు చావలేదు. పురుగు ఎక్కువైన ఏడు కొట్టుకి మంచి ఏడు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. టార్గెట్ దాటిన డీలర్లని భార్యలతో సహా లండన్ తీసుకెళ్తామని కంపెనీ ప్రకటించింది. అంతకుముందు బ్యాంకాక్ తీసుకెళ్ళినప్పుడు భార్యల ఊసు రాలేదు. ఈసారి మాత్రం కుటుంబ విలువల గురించి కంపెనీ మేనేజరు గుంటూరులో ఒక హోటల్లో ఉపన్యాసం ఇచ్చాడు. మేం బిర్యానీ తింటూ విన్నాం.

బొంబాయిలో కౌంటరు దగ్గర మా గుంపుకి వెనక రెండు సీట్లు తక్కువ పడ్డాయి. బదులుగా మధ్య గదిలో రెండిచ్చారు. దాని పేరు ప్రీమియం ఎకానమీ. ఎక్కువ సరుకు అమ్మిన ఇద్దరు డీలర్లకి ఆ రెండూ ఇస్తానని మేనేజరు అందరి ముందూ ప్రకటించాడు. ఆ ఇద్దరూ మా ఇద్దరి భర్తలే. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేకముక్కలున్నదీ, తోటి డీలర్లున్నదీ, అడిగినన్నిసార్లు మందు పోసేదీ వెనక గదిలో. "మీరిద్దరూ వెళ్ళండి, దర్జాగా కూర్చోండి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అలా ఇద్దరు మగవాళ్ళు ఒకే మాటతో భార్యల్ని వదిలించుకుని, త్యాగం చేశారన్న పేరు కూడా తెచ్చుకున్నారు.

ఆ గది ఎలాంటిదో చెప్పాలి. మన బస్సుల్లో లగ్జరీకీ సూపర్ లగ్జరీకీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. సీటు బెత్తెడు వెడల్పెక్కువ. కాళ్ళ కింద ఒక బద్ద ఉంటుంది, అది ఎవరి కాలికీ సరిపోదు. గాజు గ్లాసు, పింగాణీ గిన్నె, బట్ట రుమాలు. ముందొక పరదా, వెనకొక పరదా. వెనక పరదా దాటి మనం అటు పోవచ్చు, అటువాళ్ళు ఇటు రాకూడదు. ముందు పరదా దాటి మనం పోకూడదు. అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళూ వెనక పరదా వైపు జాలిగా చూసి, ముందు పరదా అసలు లేనట్టు ఉంటారు. గంట తిరక్కుండానే నా స్నేహితురాలికి ఈ విద్య వంటబట్టింది. "వెనకవాళ్ళకి పాపం ప్లాస్టిక్ గ్లాసులంట" అంది. ఆమె భర్త ఆ ప్లాస్టిక్ గ్లాసుతోనే ఉన్నాడు.

విమానంవాళ్ళు చిన్న సంచీలో పెట్టి ఇచ్చిన మేజోళ్ళు, పళ్ళ బ్రష్షు, కళ్ళకి కట్టుకునే గుడ్డ, అన్నీ చేతిసంచీలో వేసుకుంది. పక్కసీటు తెల్లాయన తనవి ముట్టుకోకుండా పెడితే ఆయన్ని వేలితో తట్టి, ఇంగ్లీషులో అడిగి, అవీ తీసుకుంది. ఇంటి దగ్గర తన కొట్లో గుమాస్తా గోనెసంచీ ఇంటికి తీసుకెళ్తే నెల రోజులు ఆ సంగతే చెప్పిన మనిషి.

సరే, పేల సంగతి. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. పేలున్న పిల్లల్ని వాళ్ళ టీచరు వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టింది. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. తమ్ముడికీ ఎక్కాయి. నేను రోజూ సాయంత్రం సన్నపళ్ళ దువ్వెన పట్టుకుని ఇద్దర్నీ మెట్ల మీద కూర్చోబెట్టుకునేదాన్ని. నా స్నేహితురాలు ఒకసారి అది చూసి, "కొట్టునిండా మందు పెట్టుకుని దువ్వెనతో కుస్తీ పడుతున్నావేంటే" అంది. ఎగతాళి అనుకున్నాను. ఎగతాళి కాదు, సలహా.

"ఎప్పుడు రాయమన్నావు?" అన్నాను.

"ఇవాళ సాయంత్రం. రాసి గుడ్డ కట్టి పడుకోబెట్టమన్నా. రేపు ఆదివారం తలంటు. ఈర్లతో సహా పోతాయి."

"అది చర్మంలోంచి లోపలికి పోతుంది. చదువుకున్నాం కదే మనం."

"చదివాం, పాసయ్యాం, అయిపోయింది. మా పిల్లలకి రెండేళ్ళ నుంచి రాస్తున్నా. ఏమైంది వాళ్ళకి? మా పెద్దాడు క్లాసు ఫస్టు."

"ఎందులో పోసిచ్చావు?"

"దగ్గుమందు సీసాలో. శుభ్రంగా కడిగే పోశా" అంది. కడిగినందుకు మెచ్చుకుంటానని చూసింది.

బయల్దేరిన రోజు మావాడికి దగ్గుగా ఉంది. మా అత్తయ్యకి చదువు రాదు. రెండూ కలిపి నా తలలో ఒకేసారి మెదిలాయి.

ఈ భయం ఉత్తుత్తి భయం కాదు. మధ్యాహ్నాలు మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు నేను కొట్లో కూర్చునేదాన్ని. ఎదురుగాలిలో మందు కొట్టి నోట్లోంచి సొంగ కారుతూ ఆటోలో పెద్దాసుపత్రికి పోతున్న వాళ్ళని మా కొట్టు అరుగు మీంచే చూశాను. ఒక కూలీమనిషి తన కూతురి తలకి ఇదే మందు రాశాడు. పిల్ల దక్కలేదు. డబ్బా పట్టుకుని అడగడానికి వస్తే మా ఆయన లేబుల్ మీద విషమని వేసిన ఎర్రగుర్తు చూపించి, "కళ్ళు లేవా నీకు?" అన్నాడు. ఆ మనిషి ఆ గుర్తుకేసి చూశాడు, డబ్బా అక్కడే పెట్టి పోయాడు. తర్వాత మా ఆయన కాళ్ళు చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

ఇంటి దగ్గర అప్పటికి మధ్యాహ్నం తిరిగి ఉంటుంది. మావయ్య పల్లెలో పొలం దగ్గర ఉన్నాడు, ఇంట్లో అత్తయ్యా పిల్లలే. విమానం దిగేసరికి అక్కడ చీకటి పడుతుంది. దిగాక ఫోను చేస్తే లాభం లేదు.

నేను వెనక పరదా తొలగించుకుని వెళ్ళాను. మా ఆయన, నా స్నేహితురాలి భర్త, ఇంకో ఇద్దరు డీలర్లు పళ్ళెం పెట్టుకునే పలక మీద ముక్కలు పరుచుకున్నారు. మా ఆయనకి చెవిలో చెప్పబోతే ఇంజను మోతలో వినపడలేదు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అందరూ విన్నారు.

"ఓస్, అదా" అన్నాడు నా స్నేహితురాలి భర్త. "మా ఇంట్లో అందరం రాసుకుంటాం చెల్లెమ్మా. చుండ్రు కూడా పోద్ది."

"మా చిన్నప్పుడు గేదెల పిడుదులకీ అదే, మా తలకీ అదే" అన్నాడు ఇంకొకాయన. "చూడు, నిక్షేపంలా ఉన్నాం."

మా ఆయన నవ్వలేదు. కానీ ముక్కలూ దించలేదు. ఆయనకి తెలుసు. డబ్బా పట్టుకుని వచ్చిన ఆ మనిషి ఆయనకీ గుర్తే. కానీ అది విషమని ఆ ముగ్గురు అమ్మకందార్ల మధ్య ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల కాదు.

"వెళ్ళి కూర్చో. దిగాక ఫోను చేద్దాం" అన్నాడు.

"దిగేసరికి రాసేస్తుందండీ."

"అమ్మకి ఆ మాత్రం తెలుసులే. పదిమందిలో ఇదేం రాద్ధాంతం?" అని ముక్క వేశాడు. మంచి ముక్కే అయ్యుంటుంది, పక్కాయన "అబ్బో" అన్నాడు.

మళ్ళీ నా గదికి వచ్చాను. సీటు చేతిలో ఒక ఫోను ఇమిడి ఉంది. ఆ గదికి ఉన్న గొప్పల్లో అదొకటి. పైకి తీస్తే తీగతో వస్తుంది. కానీ పక్కన ఒక గీత ఉంది, అందులో క్రెడిట్ కార్డు గీకితే తప్ప పలకదు. మా వీధిలో వాళ్ళకి నోట్ల కట్టలు తెలుసు, కార్డు తెలియదు. మా గుంపు మొత్తంలో కార్డున్నది మేనేజరుకి ఒక్కడికే. ఆయన ముందు పరదా అవతల ఉన్నాడు.

ఆ పరదా మీద చెయ్యి వేశానో లేదో విమానం అమ్మాయి వచ్చి అడ్డం నిలబడింది. నవ్వు చెరగకుండానే అటు వెళ్ళడానికి వీల్లేదంది. నేను నా డిగ్రీ ఇంగ్లీషు మొత్తం కూడగట్టుకుని నా పిల్లలు, విషం, ఫోను అన్నాను. విషం అన్న మాట వినగానే ఆ నవ్వు ఆరిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంకొక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ముందు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అందరూ మెల్లగా, చాలా మర్యాదగా, విషం ఎక్కడుందని అడిగారు.

"గుంటూరులో" అన్నాను.

గుంటూరు ఎక్కడుందని అడిగారు. చెప్పాను. విమానంలో లేదు కదా అని ఆ పెద్దాయన రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాడు. లేదని తేలగానే వాళ్ళ మొహాల్లోకి వచ్చిన హాయిని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక అమ్మాయి నా చేతులు వదిలేసి టీ తీసుకొస్తానంది. విషం ఎక్కడో ఒక చోట ఉండటంలో వాళ్ళకి అభ్యంతరం లేదు. గుంటూరులో ఉండొచ్చు.

టీ వద్దని, మా మేనేజరుని పిలవమని పట్టుబట్టాను. చివరికి ఆయన మేజోళ్ళతోనే వచ్చి పరదా చీలిక దగ్గర నిలబడ్డాడు. నిద్రలో లేపారని మొహం చిట్లించుకుని ఉన్నాడు. చెప్పిందంతా విని మొదట అన్న మాట ఇది: "తలకి రాసుకోమని లేబుల్ మీద లేదు మేడమ్. కంపెనీకి సంబంధం ఉండదు."

"కంపెనీని నేనేమీ అనడం లేదు. కార్డు ఇవ్వండి."

"ఏ మందో తెలుసా?"

ఆ మాటకి నా స్నేహితురాలు సీట్లోంచి లేచింది. "మీదే సార్" అంది ఎంతో గౌరవంగా. "మిగతా కంపెనీలవి పేలక్కూడా పనిచేయవు."

ఆయన మొహం అంత పొగడ్తకి ఎప్పుడూ అలా మాడి ఉండదు. జేబులోంచి కార్డు తీశాడు. గీకబోతూ ఆగి, "ఫోన్లో కంపెనీ పేరు మాత్రం ఎత్తకండి మేడమ్" అన్నాడు. ఎత్తనన్నాను. గీకాడు.

చాలాసేపు గరగర. ఆ తర్వాత మా ఇంట్లో మోగే మోత వినిపించింది. మా అమ్మాయి ఎత్తింది.

"హలో, ఎవరండీ?"

"నేనే, అమ్మని. నాన్నమ్మని పిలువు."

మన మాట అక్కడికి వెళ్ళి, వాళ్ళ మాట తిరిగి రావడానికి మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఏమీ వినపడదు.

"అమ్మా, విమానంలోంచా?"

"ఆ. నాన్నమ్మని పిలువు."

"నాన్నమ్మ పడుకుంది. వాంతి అయింది. తల తిరుగుతుందంట."

"ఏం తిన్నది?"

"ఏం తినలా. ఆంటీ ఇచ్చిన మందు రాసుకుంది. మంట పుడుతుందేమో ముందు నేను రాసుకు చూసి మీకు రాస్తానంది."

"మీకు రాసిందా?"

ఖాళీ.

"లేదు. మాకు సాయంత్రమంట."

"తమ్ముడికి తాగడానికి ఏమన్నా పోసిందా ఆ సీసాలోది?"

ఖాళీ. మేనేజరు కార్డు చేత్తో పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"లేదు. అది తలకి అంటగా."

"నువ్వేం చేస్తున్నావు?"

"నాన్నమ్మ తల నొక్కుతున్నా. చెమటలు పడుతున్నయి బాగా."

నేను ఎలా మాట్లాడానో నాకు తెలియదు. అరవలేదని నా స్నేహితురాలు తర్వాత చెప్పింది. "నాన్నమ్మ తల ముట్టుకోకు" అన్నాను. "నీ చేతులు సబ్బుతో కడుక్కో. తమ్ముణ్ణి తీసుకుని ఎదురింటి టీచరమ్మ దగ్గరికి పరిగెత్తు. నాన్నమ్మ తలకి పత్తిమందు రాసుకుందని చెప్పు. పత్తిమందు అని చెప్పు. తల కడిగి, వెంటనే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమను. సీసా టీచరమ్మనే పట్టుకెళ్ళమను, నువ్వు ముట్టుకోకు."

ఖాళీ.

"ఏ సబ్బుతో కడుక్కోను? బట్టలదా, ఒంటిదా?"

"ఏదైనా" అన్నాను. అది వెళ్ళిందో లేదో, గరగర వచ్చి ఫోను ఆగిపోయింది.

మళ్ళీ గీకితే పలకలేదు. ఇంకోసారి గీకితే ఉపగ్రహం అందడం లేదని ఇంగ్లీషులో ఒక గొంతు చెప్పింది. మేనేజరు కార్డు తుడిచి జేబులో పెట్టుకుని, దిగాక మళ్ళీ ప్రయత్నిద్దామని, ధైర్యంగా ఉండమని చెప్పి, పరదా లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన సీటు వాల్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

మా ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు, ఆయన వెనక పరదా దగ్గరికి వచ్చాడు. లోపలికి రాబోతే విమానం అమ్మాయి ఆపింది. ఆ గదివాళ్ళు ఈ గదిలోకి రాకూడదు. సీట్లు త్యాగం చేసిన మనిషి పరదా అంచు పట్టుకుని, "అమ్మకి ఏమైంది? అమ్మకి ఏమైంది?" అని అక్కణ్ణుంచే అడిగాడు. చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇందాక పిల్లల సంగతి చెప్పినప్పుడు ముక్క వేసిన చెయ్యి ఇప్పుడు వణికింది. తల్లి కదా, వణకాల్సిందే. పిల్లల కోసం ఎందుకు వణకలేదో నేను ఆయన్ని ఇంతవరకు అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెబుతాడు, ఆ జవాబు విని నేను కాపురం చేయాలి.

"నువ్వు ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది నాకు" అన్నాడు.

నేను పరదా వేసేశాను. ఆ గదిలో కూర్చున్నందుకు నాకు పనికొచ్చిన సౌకర్యం అదొక్కటే.

మిగిలిన దారంతా నేను ఆ ఫోనుకేసి చూస్తూ కూర్చున్నాను. మూడో తరగతి పిల్ల. వీధి దాటేటప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుంటుందా? టీచరమ్మ ఇంట్లో ఉంటుందా, వాళ్ళ చర్చికి ఆరాధన శనివారం కనుక అక్కడికి వెళ్ళి ఉంటుందా? చేతులు కడుక్కున్నాక ఆ చేతుల్తోనే నాన్నమ్మని మళ్ళీ లేపుతుందా? గుడ్డతో మూతి తుడుస్తుందా? ఆ గుడ్డ వాడు తీసుకుంటాడా? ఇలాంటి ప్రశ్నలకి అంతుండదు. వాటి మధ్యలోనే కాళ్ళ కింద బద్ద చాలా బాగుందని నా స్నేహితురాలు అంటే విన్నాను. టీ వచ్చింది, దాంతో చిన్న రొట్టెలు, జాము వచ్చాయి. ఆమె తనవి తిని, నావి తినమంటావా అని అడిగి, నావీ తింది.

"ఎక్కువ రాసుకుని ఉంటుంది" అంది జాము నాకుతూ. "కాస్తంతే అని చిలక్కి చెప్పినట్టు చెప్పా. పెద్దవాళ్ళకి ఏది ఇచ్చినా పెద్ద పిడికిలి."

నేను ఆ ఫోను మళ్ళీ పైకి తీసి చూసి, దాని చోట్లోనే పెట్టాను.

"నా మీద కోపం పెట్టుకోకే. నీ పిల్ల ఏడుస్తుందనేగా ఇచ్చా. మీ అత్తగారికి బీపీ కూడా ఉందిగా, అదయ్యుంటుంది."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. నా పిల్ల ఏడుపు ఆపాలనే ఇచ్చింది. ఆమె మంచితనమంతా అలాంటిదే, ఎదుటివాళ్ళ ఇంట్లో సీసాలు పెట్టి వస్తుంది. రొట్టెలయ్యాక కళ్ళకి గుడ్డ కట్టుకుని పడుకుంది. తెల్లాయన గుడ్డ కూడా తన దగ్గరే ఉంది కనుక, ఆయన వెలుతుర్లోనే కూర్చున్నాడు.

దిగాక పాస్‌పోర్టులు చూసే వరసలో నిలబడ్డాం. అక్కడ ప్రీమియమూ లేదు, ఎకానమీ లేదు, అందరూ ఒకటే వరస. నా స్నేహితురాలికి అది నచ్చలేదు. బయటికి రాగానే మేనేజరు కార్డుతో బూత్‌లోంచి మా ఇంటికి చేశాం. ఎవరూ ఎత్తలేదు. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎదురింటికి చేశాను. టీచరమ్మగారి భర్త ఎత్తాడు.

"ఇప్పుడే ఆసుపత్రి నుంచి వస్తున్నానమ్మా" అన్నాడు. "మా ఆవిడ అక్కడే ఉంది. ఇంజక్షన్లు ఇస్తున్నారు. గండం గడిచిందన్నారు. స్పృహలోనే ఉన్నారు, మిమ్మల్ని తిడుతున్నారు కూడా."

"పిల్లలు?"

"మా ఇంట్లోనే. అన్నం తిని టీవీ చూస్తున్నారు. మీ అమ్మాయి వచ్చి వరసగా చెప్పిందమ్మా, పత్తిమందు, సబ్బు, ఆటో, సీసా అని. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది."

"అత్తయ్య ఎందుకు తిడుతున్నారండీ?"

"తలకి ఉన్నదంతా పోవాలని జుట్టు కత్తిరించేశారమ్మా. మీ మావగారు బతికుండగా తనకి జుట్టు తీయించారని ఒకటే గోల."

మా ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని ఆయనకి దండాలు పెట్టాడు. మేనేజరు, "చూశారా మేడమ్, ఏం కాలేదు" అన్నాడు. నా స్నేహితురాలు, "నే చెప్పలా" అంది.

సాయంత్రం హోటల్లో విందు. మా ఆయన తిరిగి వెళ్ళిపోదాం అన్నాడు. టికెట్లు మార్చడం కుదరదని, ఎలాగూ అమ్మగారు బాగానే ఉన్నారని మేనేజరు అన్నాడు. బాగానే ఉన్నారు అన్న మాట పట్టుకుని మా ఆయన కోటు వేసుకున్నాడు. వేదిక మీద ఎక్కువ సరుకు అమ్మినవాళ్ళకి వెండిరంగు షీల్డులు ఇచ్చారు. మా ఆయన పేరు మొదటే పిలిచారు. తల్లి ఏ మందు వల్ల ఆసుపత్రిలో ఉందో ఆ మందు అమ్మినందుకు ఇచ్చిన షీల్డుని రెండు చేతులా అందుకుని, వంగి దణ్ణం పెట్టి, ఫొటోకి నిలబడ్డాడు. ఆ ఫొటో మా కొట్లో గల్లాపెట్టె పైన ఉంది. వచ్చిన రైతులందరూ చూస్తారు. నేను కొట్లో కూర్చోవడం మానేశాను. పిల్లలు చిన్నవాళ్ళు, ఇంటిపనితో కుదరడం లేదని అందరికీ చెబుతాను.

మర్నాడు పొద్దున హోటలు గదిలోంచి ఫోను చేశాను. మా ఆయన ఇంకా లేవలేదు. ముందు మావాడు మాట్లాడాడు.

"అమ్మా, నాన్నమ్మకి గుండు."

"నవ్వొద్దురా. నాన్నమ్మ వచ్చాక తలకేసి చూడొద్దు."

"చూడను. చెయ్యి పెట్టి చూడొచ్చా?"

"వద్దు. దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. టీచరమ్మ వాళ్ళింట్లో కేకు పెట్టారు" అని అక్కకి ఇచ్చేశాడు.

మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఈసారి ఖాళీ ఫోనుది కాదు.

"అమ్మా, నేను ఒంటిసబ్బుతో కడుక్కున్నా. తర్వాత బట్టల సబ్బుతో కూడా కడుక్కున్నా. నాకు అవుతుందా?"

"అవదు. నువ్వు మంచిపని చేశావు."

"మరి నాన్నమ్మ మా కోసమే రాసుకుందిగా. నాకు పేలు లేకపోతే రాసుకునేది కాదుగా."

ఇది అడుగుతుందని నాకు తెలుసు. అడిగితే ఏం చెప్పాలో తెల్లవార్లూ అనుకుంటూనే ఉన్నాను.

"పేలు అందరికీ ఉంటాయి" అన్నాను. "అది నీ తప్పు కాదు, నాన్నమ్మ తప్పూ కాదు. ఇక నుంచి కొట్లోంచి వచ్చిన సీసా గానీ డబ్బా గానీ ఎవరు తెచ్చినా ముట్టుకోవద్దు. ఆంటీ ఇచ్చినా, నాన్న తెచ్చినా. తమ్ముణ్ణి తీసుకుని బయటికి వచ్చేసేయ్, ఎవరేం అన్నా సరే."

"నాన్న తెచ్చినా?"

"నాన్న తెచ్చినా."

"మరి రేపు బళ్ళో?"

"బడికి వెళ్ళు. వెనక బెంచీలో కూర్చోమంటే కూర్చో, అక్కణ్ణుంచి కూడా పాఠం వినపడుతుంది. నేను వచ్చాక దువ్వెనతో ఒక్కొక్కటే తీస్తాను. అప్పటిదాకా దురద పుడితే గోక్కోండి" అన్నాను. "ఇద్దరూ హాయిగా గోక్కోండి."